ప్రాచీన వాద్యములు – సామూహిక శిక్షణము



గ్రంథాలయ రజతోత్సవ సభలో వాద్యసంగీతమునుగూర్చి ప్రసంగమేల యని కొందఱకు సందేహము కలుగవచ్చును. పుస్తకములోని విద్య, చదువువాడు లేకపోయినను, అలమారలో నూఱేండ్లు వేచియుండగలదు. ఊపిరిని, వ్రేళ్లను, చెవిని నమ్ముకొనిన విద్య అట్లు వేచియుండజాలదు. నేర్చినవాడు మఱొకనికి నేర్పకుండ పోయినచో, ఆ విద్యయు వానితోనే పోవును. ఆదిలాబాదు సీమలో పుస్తకమున కెక్కని విద్యలు అనేకము కలవు. పుస్తకములను కాపాడుటకై వెలసిన సంస్థ అట్టి విద్యలనుగూర్చి ఒక్క సాయంకాలము ఆలోచించుట ఉచితమే.

పాతకాలపు వాద్యమొకటి ఎట్లు బ్రతుకును? ఒక మహావిద్వాంసుడు పుట్టి దానిని ఉద్ధరించునని పలువురి నమ్మకము. ప్రదర్శనశాలలో భద్రపఱచిన చాలునని మఱికొందఱి నమ్మకము. ఈ రెండును కొంతవఱకే నిజము. పలువురు ఒకచోట కూర్చుండి, ఒకరినొకరు వినుచు, తప్పులు దిద్దుకొనుచు నేర్చుకొనినపుడే వాద్యము నిలుచును. దూరదేశమునందలి ఒక పిల్లనగ్రోవి చరిత్రయు, ఈ జిల్లాలోని పెప్రె, కింగ్రీ వాద్యముల స్థితియు ఈ మాటకే సాక్ష్యములు.

యూరపు ఖండమున రికార్డర్ అను పేరుగల పిల్లనగ్రోవి కలదు. పాటలు వినిపించు రికార్డు వేఱు, ఇది వేఱు. జ్ఞప్తికి తెచ్చుకొనుట అను నర్థముగల లాటిన్ మాట దీని పేరునకు మూలము. కృష్ణుని చేతి వేణువువలె దీనిని అడ్డముగా పట్టరు. సన్నాయివలె నిలువుగా పట్టి ఊదుదురు. ముందువైపున ఏడు రంధ్రములు, వెనుకవైపున బొటనవ్రేలికి ఒక రంధ్రము ఉండును. మూతివద్ద అమర్చిన కొయ్యబిరడా ఊపిరిని సన్నని సందుగుండ పదునైన అంచుమీదికి పంపును. కనుక ఊదిన తక్షణమే నాదము పుట్టును. జాతరలలో పిల్లలకు అమ్మెడి బిరడా పిల్లనగ్రోవియు ఈ జాతిదే. అడ్డవేణువు నేర్చువాడు, పెదవి కుదురక, మొదటి దినములలో గాలిచప్పుడునే విని విసుగు చెందును. రికార్డరు నేర్చువానికి ఆ బాధ లేదు. కాని సులభముగా పలుకుటలోనే ఒక చిక్కు కలదు. ఊపిరి హెచ్చిన స్వరము పైకెక్కును. తగ్గిన క్రిందికి దిగును. పదిమందిలో కూర్చుండి ప్రక్కవాని శ్రుతిని వినువానికే ఆ ఊపిరి పట్టుబడును.

ఈ వాద్యమునకు పూర్వవైభవము చాల కలదు. 1511లో సెబాస్టియన్ వీర్డుంగ్ బాజెల్ నగరమున ప్రకటించిన వాద్యగ్రంథములో దీనిని వాయించు పద్ధతి వివరింపబడినది. 1535లో సిల్వెస్ట్రో గనాస్సి వెనిసు నగరమున దీనికొఱకే ‘ఫోంతెగారా’ అను శిక్షణగ్రంథము ప్రకటించెను. చిన్నవి, పెద్దవి పలు పరిమాణముల రికార్డరులను ఒక కుటుంబమువలె చేర్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క వరుసను వాయించుట ఆనాటి ఆచారము. 1721లో బాఖ్ మహాశయుడు బ్రాండెన్‌బర్గ్ ప్రభువంశీయునకు సమర్పించిన ఆఱు కృతులలో రెండింట ఈ వాద్యమునకు చోటు కలదు. తరువాత సభామందిరములు పెరిగెను, వాద్యబృందములును పెరిగెను. బిగ్గరగా పలుకు అడ్డవేణువు ముందు దీని మెత్తని నాదము నిలువలేదు. పదునెనిమిదవ శతాబ్ది ముగియునాటికి వృత్తివాద్యకారులు దీనిని దాదాపు విడిచిపెట్టిరి. గ్రంథములు మిగిలెను; అద్దాల బీరువాలలో వాద్యములు మిగిలెను; వాయించు చేతులు మాత్రము మిగులలేదు.

దానిని మఱల బ్రతికించినవారిలో ముఖ్యుడు ఆర్నాల్డ్ డోల్మెచ్. ఆయన 1858లో ఫ్రాన్సు దేశమున పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన వాద్యశిల్పి. ఆయన సంపాదించిన పాత రికార్డరు ఒకటి 1919లో లండను నగరపు వాటర్లూ రైలుస్టేషనులో సంచితో కూడ పోయినది. ఆ కొఱత తీర్చుకొనుటకు ఆయన క్రొత్తదానిని స్వయముగా తయారుచేసెను. 1925లో హేజిల్మియర్ అను చిన్న పట్టణమున ప్రాచీన సంగీతోత్సవమును ప్రారంభించెను. ఇంతవఱకు ఇది ఒక వ్యక్తి పట్టుదలకు సంబంధించిన కథ. 1937లో బ్రిటనులో రికార్డరు వాద్యకారుల సంఘము ఏర్పడినది. ఊరూర దాని శాఖలు వెలసెను. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు నియమిత దినములలో కూడి, ఒక నిర్వాహకుని చేతి సైగననుసరించి వాయింపసాగిరి. పాఠశాలలలో తరగతికి తరగతియే నేర్చుకొనసాగెను. నూటయేబది సంవత్సరములు మూగవోయిన వాద్యము ఒక్క తరములో వేలకొలది పిల్లల చేతులలో పలికెను.

ఆ కూటములలో అందఱును సమానముగా నేర్చినవారు కారు. ఒకడు పదేండ్లనుండి వాయించువాడు. ఒకడు నిన్న చేరినవాడు. క్రొత్తవానికి దీర్ఘస్వరములుగల సులభమైన వరుస నిత్తురు. నేర్పరికి వడిగల వరుస నిత్తురు. రెండును కలిసినపుడు గాని పాట పూర్తికాదు. కనుక క్రొత్తవాడు మొదటి దినముననే సంగీతములో భాగస్వామి యగును. ఏకాంతమున సరళీస్వరములు సాధనచేసి, ఏండ్లు గడచిన పిదప గాని పాటను తాకలేని విద్యార్థికిని, మొదటి సాయంకాలముననే తన స్వరము పదిమంది స్వరములలో కలియుట విన్న విద్యార్థికిని ఉత్సాహమున చాల భేదము కలదు.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదమును లేకపోలేదు. 1920ల దశకమున జర్మనీలో పీటర్ హార్లాన్ అను శిల్పి పిల్లలకు తేలికగా నుండుటకై రికార్డరుపై వ్రేళ్లుంచు క్రమమును మార్చెను. ఒక స్వరము సులభమైనది; మఱికొన్ని స్వరములు శ్రుతి తప్పినవి. వేలమంది పిల్లలు ఆ లోపముతోనే నేర్చుకొనవలసి వచ్చినది. గుంపునకు నేర్పుటకై పాఠమును సులభము చేయవచ్చును. వాద్యమునే కుదించిన చేటు కలుగును.

సామూహిక శిక్షణము తెలుగువారికి క్రొత్త కాదు. కోలాటము, చెక్కభజన నేర్పు గురువు ఊరికి వచ్చి, పంటపనులు తీరిన రాత్రులందు గుడిముంగిట దీపము వెలుగున యువకులను చేర్చి నేర్పుట పెద్దలకు తెలిసినదే. సన్నాయి మేళమున శిష్యుడు మొదట శ్రుతి పట్టును. గంటలతరబడి ఒకే స్వరమును నిలుపుచు గురువు వాదనమును ప్రక్కనే కూర్చుండి వినును. ఊపిరి గట్టిపడును, రాగము చెవినిండును. పెండ్లిపందిరియే వానికి పాఠశాల. శ్రుతి పట్టువాడు లేక గురువునకు సాగదు. గురువు లేక వానికి విద్య రాదు. రికార్డరు కూటములలో క్రొత్తవానికి దీర్ఘస్వరము నిచ్చుటకును, మేళమున శిష్యునకు శ్రుతి నిచ్చుటకును భావమొక్కటే.

ఈ జిల్లాలోనే ఇట్టి పాఠశాలలలో గొప్పది యొకటి కలదు. అది దండారీ. ఆశ్వయుజ పూర్ణిమ దాటిన పిదప గోండు, కొలాము గూడెములలో దండారీ దండులు బయలుదేఱును. నెమలిపింఛముల కిరీటములు ధరించి, ఒడలికి విభూతి పూసికొనిన గుస్సాడీలు, స్త్రీవేషము వేసిన యువకులు, వాద్యకారులు ఒక గ్రామమునుండి మఱొక గ్రామమునకు పోవుదురు. అతిథేయ గ్రామమువారు ఎదురేగి ఆదరింతురు. రాత్రియంతయు ఆటపాటలు సాగును. గుమేల, పర్ర, డప్పు, తుడుము మ్రోగును; పెప్రె పలుకును; కాలికోం అను కొమ్ము దూరమునకు వినవచ్చును. దీపావళి గడచిన పిదప కోలబోడితో ఈ దీక్ష ముగియును. ఈ దినములలో దండువెంట తిరుగు బాలునకు ఎవ్వరును వేఱుగా పాఠము చెప్పరు. వాడు చూచును, వినును, వరుస చివర అడుగు కలుపును, తప్పినచో నవ్వులపాలగును, మఱునాడు తప్పడు. ఏటేట ఈ పాఠము మఱల వచ్చును.

ఇందుచేతనే గుస్సాడీ నేటికిని బలముగా నున్నది. ప్రస్తుతము కుమ్రంభీం ఆసిఫాబాదు జిల్లాలోని మార్లవాయి గ్రామస్థులైన కనకరాజుగారు జీవితమంతయు ఈ నృత్యమునకే అంకితమై, పలువురు యువకులకు నేర్పి, 2021లో పద్మశ్రీ పురస్కారము పొందిరి. 2024 అక్టోబరు నెలలో, దీపావళికి కొలది దినములముందు, దండారీ దినములలోనే వారు మరణించిరి. గురువు పోయిన దుఃఖము పెద్దదే. అయినను వారు నేర్పిన అడుగులు పలువురి కాళ్లలో నిలిచియున్నవి. ఒక్క శిష్యునకే నేర్పియుండినచో ఈ ధైర్యమునకు తావుండెడిది కాదు.

ఇక పెప్రె, కింగ్రీ వాద్యముల సంగతి వేఱు. దండారీలో అడుగు వేయువారు అనేకులు. పెప్రె ఊదువారు కొలదిమంది. పెప్రె సన్నాయి జాతి వాద్యము. దాని పీకను తడిపి, సరిచేసి, ఊపిరిని నిలుపుట చూచినంతమాత్రమున రాదు. కింగ్రీ ఇంతకంటె సూక్ష్మమైనది. మూడు తంతులు గల ఈ వాద్యమును కమానుతో వాయింతురు. దీనితో గోండుల వంశగాథలను పాడువారు ప్రధానులు. తోటీలును ఇట్టి గాయకులే. గోండుల పురాణగాథలో పహండి కుపార్ లింగాల్ ధర్మస్థాపకుడు. హీరాసుక ప్రధానులకు మూలపురుషుడు, కింగ్రీ వాదకుడు. జాతి పుట్టుక కథలోనే వాద్యమునకు స్థానము కలదన్నమాట. ప్రధానులలో పలువురు ఇంట మరాఠీ మాటలాడుదురు. గాథను మాత్రము గోండీలో పాడుదురు. ఒక్కొక్క గోండు ఇంటివారికి వంశపారంపర్యముగా ఒక్కొక్క ప్రధాను కుటుంబము గాయకకుటుంబము. పెర్సాపేన్ పూజలలో, పితృకర్మలలో వారి గానము లేనిదే కార్యము పూర్తికాదు. అందులకు ప్రతిగా ధాన్యము, పశువులు, వస్త్రములు ముట్టెడివి.

ఈ ఏర్పాటు గట్టిగా నున్నంతకాలము తండ్రి కుమారునకు నేర్పుటయే చాలియుండెను. గోండుల భూములు పలుచోట్ల చేజారెను. దాతయే కూలికి పోవుకాలము వచ్చినపుడు గాయకునకు ధాన్య మిచ్చువా డెవడు? ప్రధానుల కుమారులు చదువులకు, కొలువులకు, కూలిపనులకు మఱలిరి. ఇందులో వారి తప్పేమియు లేదు. కాని తండ్రినుండి కుమారునకు సాగు విద్య ఒంటిపోగు దారమువంటిది. ఒక్క కుమారుడు నేర్వకపోయినచో ఆ యింట దారము తెగును. దండారీ నృత్యము పలుపోగుల త్రాడు. ఒక పోగు తెగినను త్రాడు నిలుచును. ఒకే జిల్లాలో, ఒకే జనులలో, నృత్యము బలముగా నుండుటకును, తంత్రీవాద్యము సన్నగిలుటకును ముఖ్యకారణము ఈ భేదమే. కింగ్రీ సన్నగిలిన పోవునది నాదము మాత్రమే కాదు. దానిని ఆధారము చేసికొని నడచు వంశచరిత్రయంతయు మూగవోవును.

యూరపులో రికార్డరును బ్రతికించువారికి గ్రంథములు ఉండెను, గురువులు లేకుండిరి. ఆదిలాబాదులో గురువులు ఇంకను ఉన్నారు, గ్రంథములు లేవు. వారికంటె ఇచ్చటివారి పని ఒకవిధముగా సులభము. ఎట్లు పలుకవలెనో ఊహింప నక్కఱలేదు, వినవచ్చును. మఱొకవిధముగా ఇది తొందరపడవలసిన పని. గురువు పుస్తకమువలె వేచియుండజాలడు.

సామూహిక శిక్షణమునకు ఈ సీమలో పూర్వనిదర్శనములు కలవు. 1943లో హైమెన్‌డార్ఫ్ పండితుని పూనికతో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము ఏర్పడినది. గోండు యువకులు ఒకచోట చేరి నేర్చుకొని, తమ ప్రాంతపు గూడెములకు పోయి గోండీ భాషలో బడులు నడిపిరి. అంతకుముందు లేని గోండీ వాచకములు అందుకొఱకే దేవనాగరి లిపిలో తయారయ్యెను. మఱొకటి, నార్నూరు మండలములోని గుంజాల గ్రామము. 2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావుగారి బృందము ఆ గ్రామమున ప్రత్యేకమైన గోండీ లిపిలోని వ్రాతప్రతులను వెలుగులోనికి తెచ్చినది. ఆ లిపి చదువగలిగినవారు అప్పటికి కొలదిమంది వృద్ధులు మాత్రమే. ఆ వృద్ధులచేతనే యువకులకు తరగతులు నడిపించిరి. 2018లో గుంజాల గోండీ లిపి కంప్యూటరు అక్షరముల అంతర్జాతీయ పట్టికయైన యూనికోడులో చేరినది. కొలదిమంది వృద్ధుల చదువు ఒక గుంపునకు అందినందుననే ఇది సాధ్యమైనది. లిపి విషయమున జరిగిన పని వాద్యము విషయమున జరుగకూడదా?

గ్రామ గ్రంథాలయము చేయదగిన పనులు కొన్ని కలవు. వానికి పెద్ద ధనము అక్కఱలేదు. పంటలు ఇంటికి వచ్చిన పిదప, రాత్రివేళ, గ్రంథాలయపు చావడిలో వారమున కొకటి రెండు కూటములు నడుపవచ్చును. గురువులుగా సమీపగ్రామముల ప్రధానులను, తోటీలను పిలువవలెను. వారికి దినభత్యము తప్పక ఈయవలెను. విద్య ఉచితముగా నేర్పుమని పేదగురువు నడుగుట ధర్మము కాదు. మొదటి దినములలో విద్యార్థులు తాళమును చేతితో, గతిని నోటితో పట్టుకొనవలెను. పాడలేనిది వాయింపరాదు. తరువాత కొందఱు పర్ర, గుమేల వాయించుచుండగా, కొందఱు శ్రుతి నిలుపుచుండగా, ఇద్దఱు ముగ్గురు పెప్రె ఊదుట నేర్చుకొనవచ్చును. చేతితో చేసిన వాద్యములలో ఏ రెండింటి శ్రుతియు సరిగా కలియదు. ఇది కష్టమే గాని, చెవి తీర్చిదిద్దుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు. ప్రతి కూటమును నేటి చేతిఫోనులో ధ్వనిముద్రణము చేసి, గురువు పేరు, ఊరు, తేదీ, సందర్భము వ్రాసి, పుస్తకములవలెనే వరుససంఖ్య వేసి గ్రంథాలయమున భద్రపఱచవలెను. అది గురువునకు ప్రత్యామ్నాయము కాదు. ఇంటికి పోయిన విద్యార్థి మఱచినపుడు జ్ఞప్తికి తెచ్చుకొనుటకు ఆధారము మాత్రమే.

ఇందు కొన్ని జాగ్రత్తలు అవసరము. కొన్ని గాథలు పూజాసమయమున తప్ప పాడరానివి. ఏవి నేర్పవచ్చునో, ఏవి ముద్రింపరాదో నిర్ణయింపవలసినవారు ఆ గాథలకు హక్కుదారులే. కింగ్రీ విద్య తమ వంశహక్కని ప్రధానులు భావించుట సహజము. కావున మొదటి తరగతి వారి పిల్లలదే కావలెను. పలుగ్రామముల ప్రధాను, తోటీ బాలబాలికలు ఒకచోట చేరి నేర్చుకొనినచో, ఒంటిపోగు దారము త్రాడగును. ఇతరులకు నేర్పుట, నేర్పకుండుట వారి ఇష్టము. గోండు, కొలాము పెద్దల అనుమతిలేనిదే దండారీ సంప్రదాయపు వాద్యమును వేదికపైకి ఎక్కింపరాదు.

మఱియు హార్లాన్ చేసిన పొరపాటు ఇచ్చట జరుగరాదు. సభలలో పదినిమిషముల వ్యవధిలో చూపుటకై రాత్రియంతటి దండారీని కుదించుట ఈనాడు తఱచు కనబడుచున్నది. వేదికకు అది చాలును, శిక్షణమునకు చాలదు. తరగతిలో నేర్చినవాడు పిదప దండుతో ఊరూర తిరుగవలెను. కేస్లాపూరు నాగోబా జాతరవంటి తావుల పెద్దల నడుమ కూర్చుండి వినవలెను. పుష్య అమావాస్యనాటి ఆ జాతరకు మెస్రం వంశీయులు కాలినడకన గోదావరి జలము తెత్తురు. ఆ సుదీర్ఘమైన నడకలో, ఆ సుదీర్ఘమైన రాత్రులలో పలికెడి వాద్యము వేఱు. గదిలో గంటసేపు పలికెడి వాద్యము వేఱు. తరగతి తలుపు వంటిది. ఇల్లు మాత్రము దాని ఆవల నున్నది.

తెలుగుదేశమున గ్రంథాలయములు పుస్తకముల కొట్లుగా పుట్టలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వెలసినపుడు, మాతృభాషకు ఆదరణ కఱవైన కాలమున పదిమంది కూడి చదువుకొనుటకు ఒక చోటు కావలెనని వెలసినవి. ఆ కూడుటలోనే వాని బలము. తెలుగునకు ఆనాడు ఏ చోటు అవసరమైనదో, గోండీ గాథకు, కింగ్రీ నాదమునకు, పెప్రె పలుకునకు నేడు ఆ చోటే అవసరము. ఇరువదియైదు సంవత్సరములు పుస్తకములను ఊరివారి చేతికందించిన ఈ సంస్థ, ఇకముందు ఊరి పెద్దల చేతనున్న విద్యను పిల్లల చేతికందించు పనికిని పూనుకొనవలెను. ఒక చావడి, కొన్ని చాపలు, ఒక దీపము, ఇద్దఱు గురువులు, పదిమంది పిల్లలు: ప్రారంభమునకు ఇవి చాలును. రానున్న దీపావళికి దండు బయలుదేఱులోపల ఒక్క బాలుడైనను, ఒక్క బాలికయైనను కింగ్రీపై కమాను నిలుపగలిగినచో ఈ రజతోత్సవము సార్థకమగును.